కొండ మూస్తే మంద యాడికి పోవాల: పాలకొండల కింద ఒక వన సంరక్షణ సమితి (వీఎస్‌ఎస్) కథ

కడప నుంచి రాయచోటికి పోయే రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కకముందే పక్కకు ఒక మట్టిదోవ చీలుతుంది. ఆ దోవ చివర, పాలకొండలకు ఆనుకుని ఒక ఊరుంది, ఊరు దాటితే ఎస్సీ కాలనీ, ఇంకో అర కిలోమీటరు పోతే సుగాలీల తాండా, అన్నీ కలిపి నూట యాభై ఇళ్ల పైచిలుకు. ఊరి పేరు రాయను, ఇందులో డబ్బుల గొడవలున్నాయి, కోర్టు కేసుంది, ఆ మనుషులంతా ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అక్కడే బతుకుతున్నారు. నేను 2004లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఫీల్డు వర్కర్‌గా మొదటిసారి ఆ ఊరికి పోయాను, 2010లో ప్రాజెక్టు డబ్బులు ఆగిపోయాక సర్దుకుని వచ్చేశాం, 2016లో మళ్ళీ పోయాను, ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు పోతూనే ఉన్నా.

జనమే అడవిని కాపాడుకునే పద్ధతి మనలాంటి ఉష్ణమండల దేశాల్లో ఎందుకు ఆగిపోతోంది అని రాసే రిపోర్టుల్లో మొదటి కారణం ఎప్పుడూ ఒకటే ఉంటుంది, ప్రజల్లో అవగాహన లేదు అని. నేనూ మొదట్లో అట్లాంటి రిపోర్టులు రాసినవాణ్ణే. ఈ ఊళ్ళో మాత్రం అవగాహన లేని మనిషిని నేను చూళ్ళేదు. కొండ గురించి నాకు తెలిసిందంతా వాళ్ళు చెప్పిందే. నేను చూసింది వేరే. కొండ మూసినప్పుడు నష్టం ఎవరి మీద పడిందో వాళ్ళు ఆ నిర్ణయం చేసిన మీటింగులో లేరు, తర్వాత కాపలా మాత్రం వాళ్ళే కాయాల్సి వచ్చింది. మిగతా కష్టాలన్నీ, డబ్బు గొడవలు గానీ నిప్పు గానీ హక్కు పత్రం రాకపోవడం గానీ, ఆ ఒక్క లోపం మీద వచ్చి పడ్డవే అని ఇప్పుడు నా గట్టి నమ్మకం.

కొంచెం వెనక్కి పోదాం. 1988 జాతీయ అటవీ విధానం తర్వాత 1990 జూన్ 1న కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది, పాడైపోయిన అడవుల్ని ఊరి జనంతో కలిసి కాపాడుకోండి అని. మన రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు, అంటే వీఎస్‌ఎస్‌లు, మొదలయ్యాయి, 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఊపందుకున్నాయి, 2002లో పేరు మారింది, ఉమ్మడి అటవీ యాజమాన్యం పోయి సామాజిక అటవీ యాజమాన్యం వచ్చింది. రూల్సు కాగితం మీద చూస్తే చాలా బాగుంటాయి. ఇంటికి ఒక మగ, ఒక ఆడ సభ్యులు, కమిటీలో సగం మంది ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీలకు చోటు. కానీ ఈ వీఎస్‌ఎస్ అనేది చట్టంతో పుట్టింది కాదు, జీవోతో పుట్టింది. జీవోతో వచ్చింది జీవోతో పోతుంది, ఈ సంగతి ఊళ్ళో వాళ్ళకు మాకంటే ముందే అర్థమైంది.

ఉష్ణమండల అడవి అనగానే టీవీలో చూపించే చిక్కటి వానల అడవి గుర్తొస్తుంది గానీ మాది అది కాదు. ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన, అదీ కొన్ని రోజుల్లోనే కురిసి ఊరుకుంటుంది. పొడి ఆకురాల్చే అడవి, చాలా చోట్ల ముళ్ళ అడవి. నారేపి, చండ్ర, బిల్లు, తునికి, అక్కడక్కడా ఎర్రచందనం, కింద బోదగడ్డి. ఇట్లాంటి చోట చెట్టు ఎదగాలంటే ఏళ్ళు పడుతుంది, పోవాలంటే ఒక్క ఎండాకాలం చాలు. ఆ ఊరికి అప్పగించింది సుమారు 300 హెక్టార్ల కొండ.

మొదటి మూడు నాలుగేళ్ళు పని బాగా జరిగింది. కందకాలు తవ్వారు, వంకలకు అడ్డంగా రాళ్ళ కట్టలు కట్టారు, మోళ్ళకు వచ్చిన పిలకల్లో ఒకటి రెండు బలమైనవి ఉంచి మిగతావి తీసేశారు, కొండ కింద చదునుగా ఉన్న చోట నీలగిరి వేశారు. కూలి ఊళ్ళోనే దొరికింది, ఆ కరువు ఏళ్ళలో అది చిన్న సంగతి కాదు. కూలి వచ్చినన్నాళ్ళు కాపలా కూడా బాగానే జరిగింది. తర్వాత నేను అడిగినప్పుడు తాండాలో ఒకామె సూటిగా చెప్పింది, "అన్నా, అప్పుడు మాకు కొండ పని కాదు, కూలి పని".

ఇప్పుడు అసలు విషయం. 2005లో కొండ మొత్తం మేకలకు మూసేయాలని తీర్మానం చేశాం. తీర్మానం పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఉన్నాయి, కోరం ఉంది, ఆడవాళ్ళ సంఖ్య ఉంది, ఆడిట్‌లో ఎవరూ తప్పు పట్టలేరు. మీటింగు పగలు పదకొండు గంటలకు, రామాలయం దగ్గర. జీవాలు మేపేవాళ్ళు పొద్దున తొమ్మిదికల్లా దొడ్డి తలుపు తీసి కొండెక్కితే మళ్ళీ దిగేది పొద్దు గూకినాకే. అంటే మేకల గురించి తీర్మానం చేసిన రోజు మేకలున్న మనిషి ఒక్కడు కూడా అక్కడ లేడు. ఈ మాట నాకు ఆ రోజు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు అని కూడా అనలేను, ఎందుకంటే మూడో రోజు ఒక పెద్దాయన, అప్పటికే అరవై దాటి ఉంటాడు, భుజాన దోటి పెట్టుకుని నా బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"సారూ, కొండ మూసినారంట. మంద యాడికి పోవాల?"

పక్క కొండ ఉంది కదా మామా, అన్నాను.

"పక్క కొండ నీదా నాదా? ఆ ఊరోళ్ళది కాదా?"

నేను ఏదో సర్ది చెప్పి వచ్చేశాను. అది నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండా కొండ మూయకూడదు, మేము మూశాం.

తర్వాత ఏం జరిగిందో చెప్తా. కొందరు ఆ ఏడాదే మందలో సగం సంతకు తోలి వచ్చిన రేటుకు అమ్మేశారు, అందరూ ఒకేసారి అమ్మితే రేటు ఎట్లా ఉంటుందో తెలిసిందే. మిగతావాళ్ళు వీఎస్‌ఎస్ లేని పక్క కొండకు పోయారు, అక్కడ మండలు కొట్టి మేపారు, ఆ ఊరివాళ్ళతో తగాదాలయ్యాయి. రెండు మూడేళ్ళకు మా కొండ నిజంగానే పచ్చబడింది, పక్క కొండ బోడి అయింది. మా రిపోర్టులో మా కొండ ఫోటోలే ఉన్నాయి. కట్టెల మోపు తెచ్చుకునే ఆడవాళ్ళు కాలనీ నుంచి రెండు గంటలు ఎక్కువ నడవాల్సి వచ్చింది, ఆ నడక ఏ లెక్కలోకీ రాలేదు. నేపాల్ మధ్య కొండల్లో కూడా ఇదే జరిగిందని తర్వాత తెలుసుకున్నా. అక్కడ 1993 అటవీ చట్టం తర్వాత ఇరవై రెండు వేల పైచిలుకు వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి, అడవి చాలా చోట్ల తిరిగి వచ్చింది, కానీ భూమి లేని దళిత కుటుంబాలకు మేత, కట్టెలు తగ్గిపోయాయి. అడవి పెరిగింది అనే మాట, ఎవరికి పెరిగింది అనే మాట రెండూ కలిపి అడగాలి.

2010 తర్వాత కూలి లేదు, కాపలా లేదు, మేమూ లేము. అయిపోయిందా అంటే ఇంకా మిగిలే ఉంది. కొండ కింద నీలగిరి ఎదిగి కోతకొచ్చింది, కోసి అమ్మారు, డబ్బులు ఊరి దాకా వచ్చాయి. పంపకంలో తాండాకు ఏమీ రాలేదు. మీరు సభ్యత్వం రెన్యూవల్ చేసుకోలేదు అన్నారంట. ఆ చెట్లకు గుంతలు తవ్వింది ఎక్కువమంది తాండా ఆడవాళ్ళే. ఆ రోజు నుంచి తాండా మనుషులు వీఎస్‌ఎస్ అనే మాట వింటేనే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. అదే ఏళ్ళలో కొండ వాలు మీద లాంటానా అనే పొద కమ్ముకుంది, కింద వంకల పొడుగునా సర్కారు కంప పాకింది, ఎండాకాలం ఎవరో నిప్పు పెడితే ఆర్పేవాడు లేడు.

ఇక ఎర్రచందనం. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద మన కడప, చిత్తూరు, నెల్లూరు కొండలు, ఇంకా ఆ చుట్టుపక్కల కొంత మేర మాత్రమే. అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి సైటిస్, అంటే అరుదైన జీవజాతుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం, నియంత్రణ ఉంది, పట్టుబడిన దుంగల్ని ప్రభుత్వం వేలం వేస్తుంది. కొండను కాపాడమని చెప్పిన వీఎస్‌ఎస్‌కు ఆ వేలంలో వాటా అడిగే చోటే లేదు. సరే, వాటా సంగతి పక్కన పెడదాం. బయటి నుంచి మేస్త్రీలు కూలీలను దింపుతారు, ఎక్కువమంది తమిళనాడు కొండ ఊళ్ళ పేదవాళ్ళు, వాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళు, రాత్రిపూట పదుల సంఖ్యలో నడుస్తారు. వాళ్ళకు ఎదురుపడి ఆపమని చేతిలో కర్ర తప్ప ఏమీ లేని ఊరి మనిషికి ఎట్లా చెప్తాం? ఇంకోవైపు తనిఖీలు గట్టి చేశాక ఊరి మనిషి కొండ మీద కనపడితే అనుమానం. తాండా పిల్లోడు ఒకడు తప్పిపోయిన మేక కోసం సాయంత్రం పైకి పోయి రాత్రికి దిగకపోతే, మర్నాడు వాడి పేరు కేసులో ఉంది. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగాడు, ప్రతి వాయిదాకు ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, లాయరు ఖర్చు. వాళ్ళమ్మ నాతో అన్న మాట ఇది: "కొండెక్కితే దొంగ అంటారు, ఎక్కకుంటే కాపలా కాయలే అంటారు. మేమేం సెయ్యాలన్నా?" దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎర్రచందనం ఉన్న పై భాగానికి ఊరివాళ్ళు పోవడం మానేశారు, ఆ భాగం వాళ్ళ దృష్టిలో వాళ్ళ కొండ కాదు.

2016లో మళ్ళీ పోయినప్పుడు మొదటి ఆరు నెలలు మీటింగే పెట్టలేదు. సాయంత్రం పోయేది, మందలు దిగే టైముకు దొడ్ల దగ్గర కూర్చునేది, రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. మీటింగులు పెట్టడం మొదలయ్యాక కూడా అన్నీ రాత్రి ఎనిమిదికే, వంతులవారీగా ఒకసారి ఊళ్ళో, ఒకసారి కాలనీలో, ఒకసారి తాండాలో. ఇంత చిన్న మార్పుకు పన్నెండేళ్ళు పట్టింది. బండికి అడ్డంగా నిలబడ్డ పెద్దాయన ఇంకా ఉన్నాడు, మంద ఇరవైకి తగ్గింది, చూపు కూడా తగ్గింది. ఒక రాత్రి తాండా చావిడి ముందు నేల మీద గులకరాళ్ళతో కొండ మొత్తం పరిచాడు. ప్రతి వంకకూ పేరుంది, ప్రతి బోడుకూ పేరుంది. ఏ చెలమలో మాఘమాసం దాకా నీళ్ళుంటాయి, ఏ వాలు మీద వాన పడ్డ పదో రోజుకు గడ్డి లేస్తుంది, ఏ చోట మేక కాలు పెడితే మళ్ళీ మూడేళ్ళు ఏమీ మొలవదు, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. మా మైక్రోప్లాన్‌లో, అంటే కొండ పనులకు రాసుకున్న ప్రణాళికలో, ఆ కొండ మొత్తానికి ఒక కంపార్ట్‌మెంట్ నంబరు ఉండేది, అంతే.

అక్కడి నుంచి వచ్చిన పద్ధతి వాళ్ళదే. కొండను మూడు భాగాలు చేశారు. ఒక భాగం మూడేళ్ళు మేకలకు మూత, మిగతా రెండూ తెరిచే ఉంటాయి. మూసిన భాగంలో గొర్రెలను సంక్రాంతి తర్వాత, గడ్డి ఎండినాక వదలొచ్చు, గొర్రె గడ్డి మేస్తుంది, మేకలాగా మొక్క తల కొరకదు. మండలు కొట్టడానికి ఏయే చెట్లు, ఏ ఎత్తు నుంచి అనేది కూడా వాళ్ళే పెట్టుకున్నారు. భాగాన్ని ఎప్పుడు తెరవాలి అనే దానికి వాళ్ళ కొలత నాకు చాలా నచ్చింది. మేక వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే నోరు ఎంత ఎత్తుకు అందుతుందో, నారేపి మొక్క తల అంతకు పైన ఉండాలి. టేపు అక్కర్లేదు, దోటి మీద ఒక గంటు పెట్టుకున్నారు. గంటు దాటితే తెరవొచ్చు. మూడేళ్ళన్నది అంచనా మాత్రమే, గంటుదే ఆఖరి మాట. తప్పు చేసినవాళ్ళకు జరిమానా కూడా వాళ్ళే పెట్టారు, మొదటిసారి మందలింపు, రెండోసారి డబ్బు, మూడోసారి ఆ ఏడాది మూత తీసిన భాగంలోకి రాకూడదు. ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది ఇట్లాంటి ఉమ్మడి వనరుల మీద చేసిన పనికే, వాడుకునేవాళ్ళే నియమం పెట్టుకోవాలి, శిక్ష చిన్నగా మొదలై పెరగాలి అని ఆమె ఎన్నో దేశాల ఊళ్ళను చూసి చెప్పింది. చావిడి ముందు కూర్చున్నవాళ్ళెవరికీ ఆ పేరు తెలియదు, పెట్టుకున్న నియమం మాత్రం అదే.

సీతాఫలం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ ఊళ్ళో నేను ఎక్కువ నేర్చుకుంది దాని దగ్గరే. పాలకొండల వాలు మీద సీతాఫలం చెట్లు లెక్క లేనన్ని ఉన్నాయి. ఎందుకున్నాయో మొదట నాకు తెలియలేదు, ప్రకృతి ఇచ్చింది అనుకున్నా. పెద్దాయన చెప్పాడు, మేక దాన్ని ముట్టదు కాబట్టి. ఆకు చేదు, విషం. చుట్టూ ఉన్నవన్నీ మేకలు మేసేస్తే మిగిలింది అదొక్కటే, నరికినా కాలినా మళ్ళీ మోడు నుంచి లేస్తుంది. అంటే ఎక్కువ మేపడం వల్లే ఆ సీతాఫలం తోట తయారైంది. మేకలు అడవిని పాడుచేశాయి అని రాసేటప్పుడు, ఊరికి రెండు నెలల రాబడి ఇచ్చే చెట్టును మిగిల్చింది కూడా అవే అని ఎవరూ రాయరు.

కాయ కోతకొచ్చిందని ఎట్లా తెలుస్తుందంటే, పైన గళ్ళు ఉబ్బి, గళ్ళ మధ్య గీతలు విచ్చుకుని లేత పసుపుగా తేలాలి. అప్పుడు కోసి గంపలో ఎండుటాకులు పరిచి పెడితే మూడు నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. గీత విచ్చుకోకముందే కోస్తే పండదు, నల్లబడి రాయిలా అయిపోతుంది. ఇది ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. అయినా ప్రతి ఏడాదీ ఆగస్టులోనే పచ్చి కాయ కోసేవాళ్ళు. ఎందుకంటే నేను ఇవాళ ఆగితే రేపు పక్కింటివాళ్ళు కోసుకుపోతారు, కొండ ఎవరిదీ కాదు కదా. వ్యాపారి సగం గంపలు పనికిరావని పక్కన పడేసి మిగతా వాటికి అడిగిందే రేటు అనేవాడు.

2017లో అందరూ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు, వినాయక చవితికి ముందు ఎవరూ కాయ కోయకూడదు అని. మొదటి ఏడాదే తప్పింది. చవితికి పది రోజుల ముందు తాండా నుంచి నాలుగిళ్ళ ఆడవాళ్ళు తెల్లారుజామున పోయి కోసుకొచ్చారు. ఊళ్ళో పెద్దమనుషులు జరిమానా వేయాల్సిందే అని కూర్చున్నారు, చూడు తాండావాళ్ళ బుద్ధి అనే మాటలు కూడా వచ్చాయి. నేను ఆ నలుగురితో విడిగా కూర్చున్నా. ఒకామె గంప ముందు పెట్టుకుని కాయలు ఏరుతూనే మాట్లాడింది, తల ఎత్తలేదు. జూన్‌లో పిల్లల స్కూలు ఖర్చులకు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంది, ఫలానా తేదీకి మొదటి లోడు ఇవ్వాలని మాట, ఇవ్వకపోతే గంపకు ఇంత కోత. ఆమె అత్యాశతో కోసింది కాదు, కాయ పండకముందే అమ్ముడుపోయింది. అప్పు గురించి ఏమీ చేయకుండా తేదీ ఒక్కటే పెడితే ఆ కట్టుబాటు అప్పు లేనివాళ్ళ కోసం పెట్టిన కట్టుబాటు అవుతుంది.

మరుసటి ఏడాది నుంచి పొదుపు సంఘాల ఆడవాళ్ళు ఒక పని చేశారు, ఊళ్ళో, కాలనీలో, తాండాలో మూడు చోట్లా జూన్ నెలలో సీజన్ మీద తీరే చిన్న అప్పులు ఇచ్చారు, కాయ అమ్మినాక తీర్చాలి. వ్యాపారి అడ్వాన్సు అవసరం తగ్గింది. తేదీ నిలబడింది. ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొన్నారు, తాండాలో డిగ్రీ చదివే అమ్మాయి పుస్తకం రాస్తుంది, ఎవరి గంప ఎన్ని కేజీలు, ఏ రేటు, అందరూ చూసేలా రాత్రి బల్బు కింద చదువుతుంది. నీలగిరి డబ్బుల గాయం మానడానికి ఆ పుస్తకం చేసిన మేలు నా మాటలేవీ చేయలేదు. మంచి కాయ గంప హైవే మీదకు, కడప మార్కెట్‌కు నేరుగా పోతోంది. అన్ని గంపలూ కాదు, ఇప్పటికీ పాత అప్పులున్నవాళ్ళు వ్యాపారికే ఇస్తున్నారు.

నిప్పు సంగతి క్లుప్తంగా. ఫిబ్రవరి నుంచి మే దాకా కొండ కాలుతుంది. కొత్త గడ్డి కోసం మందలవాళ్ళు పెట్టేది కొంత, బీడీ ముక్క కొంత, పగతో పెట్టేది కొంత. ఒకప్పుడు కొట్టాల కప్పుకు బోద కోసుకునేవాళ్ళు కాబట్టి బోద ఉన్న చోట నిప్పు పడనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు రేకులు, స్లాబులు వచ్చాక బోద ఎవరికీ అక్కర్లేదు, కోయని బోద ఎండి నిలబడి మంటకు మేతవుతోంది. ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసి ఉంచే దారులు, ఊరివాళ్ళు ఊరికే శుభ్రం చేయాలంటే రెండేళ్ళు చేశారు, మూడో ఏడు చేయలేదు. వాళ్ళను తప్పు పట్టను, అది ఫారెస్టు బడ్జెట్లో ఉండాల్సిన పని.

ఇక హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం, నియమాలు 2008 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి, గ్రామసభకు తన సామూహిక అడవిని కాపాడుకునే, వాడుకునే హక్కు ఇచ్చింది. వీఎస్‌ఎస్ జీవోకూ దీనికీ తేడా ఇక్కడే. మన రాష్ట్రంలో మొదట్లో చాలా సామూహిక పత్రాలు గ్రామసభ పేరు మీద కాకుండా వీఎస్‌ఎస్‌ల పేరు మీద ఇచ్చారు, చట్టం చెప్పింది అది కాదు. కడపలో ఇంకో చిక్కు ఉంది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అలాంటి ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వర్తించదు, ఒకే కొండను వాడుకునే జనంలో తాండావాళ్ళు ఎస్టీలు, ఊరివాళ్ళు, కాలనీవాళ్ళు కారు. ఎస్టీ కానివాళ్ళు 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఉంటూ అడవి మీద ఆధారపడ్డట్టు చూపించాలి. ఊళ్ళో సగం మందికి తాత పేరు మీద కాగితం లేదు, పెద్దవాళ్ళ వాంగ్మూలం కూడా సాక్ష్యమే అని నియమాల్లో ఉంది, అదే రాయించాం. గులకరాళ్ళ మ్యాపును పెద్ద చార్ట్ మీద ఎక్కించి జతచేశాం. 2018లో సామూహిక అటవీ వనరుల క్లెయిమ్ గ్రామసభ తీర్మానంతో పై కమిటీకి పంపాం. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పలేదు. ఒప్పుకుంటే పత్రం రావాలి, రాలేదు. రెండుసార్లు ఫైలు కనపడలేదన్నారు, రెండుసార్లూ జిరాక్సు కాపీ ఇచ్చి రసీదు తీసుకున్నాం.

హక్కు పత్రం ఉంటే ఏమవుతుంది అని అడిగేవాళ్ళకు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా లేఖా ఊరిని చూపిస్తా. 2009లో సామూహిక హక్కు వచ్చింది, అయినా వెదురు అమ్ముకోవడానికి రవాణా పాసు ఇచ్చే అధికారం గ్రామసభ చేతికి రావడానికి 2011 దాకా పోరాడాల్సి వచ్చింది, అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ స్వయంగా వచ్చి ఇచ్చారు. పత్రం వచ్చాక కూడా అమ్ముకునే హక్కు వేరే యుద్ధం. మధ్య అమెరికా దేశం గ్వాటెమాలలో పెటెన్ అడవుల్లో ఊరి సంఘాలకు పాతికేళ్ళ కాలానికి అడవి అప్పగించారు, పాతికేళ్ళు చేతిలో ఉంటాయని తెలుసు కాబట్టి మహాగని చెట్టు మెల్లగా, లెక్క ప్రకారం కోసుకున్నారు, ఆ సంఘాల అడవులు చుట్టుపక్కల రక్షిత ప్రాంతాల కంటే బాగా నిలిచాయి. మా ఊరివాళ్ళకు కొండ వచ్చే ఏడు తమ చేతిలో ఉంటుందో లేదో తెలియదు. అయినా దోటి మీద గంటు పెట్టుకుని మూడేళ్ళు ఆగుతున్నారు. నాకు ఇందులో అన్నిటికంటే గౌరవం అనిపించేది అదే.

నా ముందున్న కొత్త కష్టం మాత్రం మనుషులు. ఈ పక్క ఊళ్ళ నుంచి కువైట్ పోవడం ఎప్పటి నుంచో ఉంది, ఇప్పుడు ఇంటికొకరు. మగపిల్లలు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటి పనికి. మందలు మేపేవాళ్ళంతా యాభై దాటినవాళ్ళే. జీవాలు తగ్గితే అడవికి మంచిదే కదా అని ఒక ఆఫీసులో అన్నారు. కొండ మీద రోజూ తిరిగే మనిషి మందవాడే, నిప్పు మొదట చూసేదీ, కొత్త గొడ్డలి గాటు మొదట చూసేదీ అతనే. అతను కొండెక్కడం మానేస్తే కాపలా అనే మాటకు ఊళ్ళో మనిషే ఉండడు. మేపుకునేవాళ్ళకు ఏడాదికి ఇంత అని కాపలా కూలి ఫారెస్టు నిధుల నుంచి ఇవ్వమని రెండుసార్లు అర్జీ పెట్టాం, ఇంకా పెడతాం.

పెద్దాయన రెండేళ్ళ కింద పోయాడు. దోటి ఆయన మనవరాలి దగ్గరుంది, కాటా పుస్తకం రాసే అమ్మాయి ఆమే. పోయిన నెల నేను పోయినప్పుడు రెండో భాగంలో మొక్కలు చూడ్డానికి ఆమెతో పాటు ఐదుగురం పైకి పోయాం. వంక పక్కన నారేపి మొక్కలు ఆమె తల దాటి ఉన్నాయి, వాలు మీదవి గంటుకు బెత్తెడు కింద ఉన్నాయి. తెరుద్దాం అని ఇద్దరన్నారు, మేత కరువుగా ఉంది, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ఆమె దోటిని ఒక్కొక్క మొక్క పక్కన నిలబెట్టి చూసుకుంటూ పోయింది, ఇరవై మొక్కలు చూసినాక వంక పక్కన తెరుద్దాం, వాలు మీద ఇంకో వాన చూద్దాం అంది. ఆ రాత్రి తాండాలో మీటింగు పెట్టి హద్దుకు సున్నం రాళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో మాట్లాడుకున్నారు, పదకొండింటికి అయిపోయింది.